సబ్మిట్ నొక్కినంక: మ్యాడిసన్ నుంచి కొత్తకోటకు ఒక జాబు



క్షేమంగా చేరాను. శంషాబాద్‌లో ఎక్కి, షికాగోలో దిగి, అక్కడి నుంచి బస్సులో ఈ మ్యాడిసన్‌కు వచ్చాను. విస్కాన్సిన్ రాష్ట్రానికి ఇది రాజధాని. మెండోటా, మొనోనా అనే రెండు పెద్ద సరస్సుల నడుమ సన్నటి నేల మీద ఊరు పరుచుకుని ఉంది. ఇప్పుడు జనవరి. మెండోటా పైభాగమంతా గడ్డకట్టింది. జనం దాని మీద నడుస్తున్నారు, కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు, మంచుకు బొక్క తొలిచి గాలం వేసి చేపలు పడుతున్నారు. మొదటిసారి నీళ్ల మీద అడుగు పెట్టాల్సి వచ్చినప్పుడు నా కాళ్లు వణికాయి. అంతకన్నా ఆశ్చర్యం ఇంకొకటి ఉంది. ఈ సరస్సు ఏ రోజు గడ్డకట్టింది, ఏ రోజు కరిగింది అన్న లెక్కను 1850ల నుంచి వీళ్లు రాసి పెట్టుకున్నారు. రికార్డు అంటే వీళ్లకు ఎంత పట్టింపో నాకు అక్కడే అర్థమైంది.

నేను బయలుదేరే ముందు మీలో చాలామంది ఒకటే మాట అడిగారు. "మన పిల్లలు రాత్రంతా కూర్చుని అప్లికేషన్ నింపి సబ్మిట్ నొక్కుతారు కదా, ఆ తర్వాత అది ఎక్కడికి పోతుంది? ఎవరు చూస్తారు?" అని. డిగ్రీ కాలేజీ ఆఫీసులో అడ్మిషన్ల సీటులోనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి ఆ ప్రశ్న నాకూ ఉన్నదే. మా మేనకోడలు ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఒక డిపార్ట్‌మెంటుకు గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్. ఎంఎస్, పీహెచ్‌డీలకు వచ్చే దరఖాస్తులన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. "మామా, పిల్లల ఫైళ్లు మాత్రం చూపించలేను. పని ఎలా జరుగుతుందో అడుగు, ఎంతైనా చెప్తా" అంది. సొంత మేనమామకు కూడా ఒక్క పేరు, ఒక్క మార్కు కనబడనివ్వలేదు. నాకు అది ఎంతో నచ్చింది.

ముందు ఈ చోటు సంగతి. యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్ 1848లో పుట్టింది, విస్కాన్సిన్ రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ ఏడే. ఇప్పుడు సుమారు 50 వేల మంది చదువుతున్నారు. మన కొత్తకోట పట్టణ జనాభాకు రెట్టింపు కన్నా ఎక్కువ మంది ఒక్క విద్యాసంస్థలో! నడుమ ఒక గుట్ట, గుట్ట మీద బాస్కమ్ హాల్, దాని ముందు లింకన్ విగ్రహం. పీజీ చదువుల అజమాయిషీ చేసే గ్రాడ్యుయేట్ స్కూల్ ఆ భవనంలోనే ఉంటుంది. తెలుగువాళ్లు ఈ ఊరి పేరు విని ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. వెల్చేరు నారాయణరావు గారు 1971లో ఇక్కడికి వచ్చి దశాబ్దాల పాటు తెలుగు బోధించారు. మంచు పడే ఈ గుట్ట మీద ప్రబంధాల గురించి పాఠాలు జరిగాయని తలచుకుంటే ఒళ్లు పులకరించింది.

ఇక ఆఫీసు. నేను ఊహించుకున్నది వేరు. అడ్మిషన్ల కాలం అంటే కౌంటరు ముందు లైను, జిరాక్సుల కట్టలు, బీరువా నిండా దస్త్రాలు, "సార్, టీసీ మర్చిపోయి వచ్చిన" అనే పిల్లల గొంతులు ఉంటాయనుకున్నా. ఇక్కడ ఒక బల్ల, రెండు తెరలు, గోడ మీద గడువు తేదీల కాగితం, అంతే. ఎవరూ రారు. ఎన్ని దేశాల నుంచి వచ్చినా దరఖాస్తులన్నీ తెర మీదనే. అలాంటి పనికి ఈ దేశంలో స్లేట్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయట. డిసెంబర్ నడిమి నుంచి జనవరి దాకా గడువులు వరసగా పడతాయి. ఆ వారాల్లో ఫోన్లు, మెయిళ్లు మోత మోగిపోతాయి. గది నిశ్శబ్దంగానే ఉంటుంది, పని మాత్రం మన జూన్ నెలకు ఏమాత్రం తీసిపోదు.

దరఖాస్తు తెరవగానే ప్రతి విద్యార్థి పేరు మీద ఒక చెక్‌లిస్టు పుడుతుంది. ఫారం వచ్చిందా, ఫీజు కట్టారా, ట్రాన్స్‌క్రిప్టులు ఎక్కాయా, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు చేరిందా, ఎస్ఓపీ, అంటే తన గురించి విద్యార్థి రాసే వ్యాసం ఉందా, మూడు సిఫారసు ఉత్తరాలు పడ్డాయా అని. ఒక్కొక్కటి ఒక్కో దిక్కు నుంచి, ఒక్కో వేళకు వస్తుంది. టోఫెల్ స్కోర్లు న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ దగ్గర ఉన్న ఈటీఎస్ సంస్థ నుంచి నేరుగా కంప్యూటరులోకి దిగుతాయి. ఉత్తరాలు సార్ల నుంచి వస్తాయి. మిగతావి పిల్లల నుంచి. అన్నీ నిండేదాకా ఫైలు కదలదు. చివరి కాగితం పడగానే, ఎవరూ ముట్టుకోకుండానే, అది చదివేవాళ్ల వరసలోకి వెళ్లిపోతుంది. మన సరళాసాగర్ ప్రాజెక్టు గుర్తొచ్చింది నాకు. అక్కడ గేటు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు కదా, నీళ్లు పూర్తి మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతటవే పారుతాయి. మట్టానికి జానెడు తక్కువున్నా చుక్క కిందికి రాదు. ఇక్కడా అంతే. ఐదు వచ్చి ఒక ఉత్తరం రాకపోతే ఆ పిల్లవాడి ఫైలు నిండని చెరువులా నిలబడే ఉంటుంది. మన వైపు పిల్లల్లో ఎంతోమంది "అప్లై చేసినం, జవాబు రాలేదు" అంటారే, అందులో కొంతమందికి తమ ఫైలు ఇంకా నిండలేదన్న సంగతే తెలియదని మేనకోడలు బాధపడుతూ చెప్పింది. పోర్టల్‌లోకి వెళ్లి చూస్తే ఏది రాలేదో అందులోనే కనబడుతుంది. చాలామంది చూడరట.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా వింతగా తోచిన విషయానికి వస్తాను. మన దగ్గర కాగితానికి విలువ దాని మీద పడ్డ ముద్ర వల్ల వస్తుంది. ఒరిజినల్ చూపించి, జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించి ఇస్తాం. నేనే ఎన్ని వేల జిరాక్సులను ఒరిజినల్స్‌తో పోల్చి చూశానో. ఇక్కడివాళ్లు ముద్ర కన్నా దారి చూస్తారు. కాగితం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్నదే వీళ్ల ప్రశ్న. విద్యార్థి స్వయంగా తెచ్చిన మెమో ఎంత అసలైనదైనా అది "అనఫీషియల్". విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం సీలు చేసిన కవరులో పంపితేనో, లేక తన ఎలక్ట్రానిక్ దారిలో నేరుగా పంపితేనో అది "అఫీషియల్". కవరు మడత మీద సంతకం, ముద్ర అడ్డంగా ఉండాలి. ఆత్రం కొద్దీ పిల్లవాడు ఆ కవరును ఒకసారి విప్పి చూశాడా, లోపల అక్షరం మారకపోయినా ఆ కాగితానికి విలువ పోయినట్టే.

అయితే అందులోనూ ఒక తెలివైన ఏర్పాటు ఉంది. అందరినీ ముందే కవర్లు పంపమనరు. దరఖాస్తు వేసేటప్పుడు మెమోలు స్కాన్ చేసి ఎక్కిస్తే చాలు. వాటిని చూసే చదువుతారు, నిర్ణయిస్తారు. సీటుకు సిఫారసు అయినవాళ్లను మాత్రమే అసలైనవి పంపమంటారు. అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒక్క అంకె తేడా ఉన్నా అడ్మిషన్ రద్దు కావచ్చు. దీనివల్ల సీటు రానివాళ్లకు ట్రాన్స్‌క్రిప్టుల ఖర్చు, హైదరాబాద్ తిరుగుడు తప్పుతుంది. అన్ని విశ్వవిద్యాలయాలూ ఇలా చేయవు. కొన్ని మొదటే మదింపు రిపోర్టు కావాలంటాయి. ఆ మదింపు చేసే సంస్థలు వేరే ఉన్నాయి. న్యూయార్క్‌లో 1974 నుంచి నడుస్తున్న డబ్ల్యూఈఎస్ పేరు మన కన్సల్టెన్సీల బోర్డుల మీద మీరు చూసే ఉంటారు. ఇక్కడికి దగ్గరలోనే మిల్వాకీలో 1980 నుంచి ఈసీఈ అనేది ఉంది. వాళ్ల పనల్లా ఫలానా దేశపు ఫలానా పట్టా అమెరికా చదువులో దేనికి సమానమో తేల్చి చెప్పడం.

ఆ తేల్చడం ఎంత కష్టమో మన పాలమూరు పిల్లల కాగితాలనే తీసుకుని చూడండి. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. అంతకు ముందు మన కాలేజీలన్నీ ఉస్మానియా కింద ఉండేవి. కాబట్టి ఒకే ఇంట్లో, ఒకే కాలేజీలో చదివిన అన్న పట్టా మీద ఉస్మానియా అని, తమ్ముడి పట్టా మీద పాలమూరు అని ఉంటుంది. 2013లో పదో తరగతి పాసైన పిల్ల మెమో మీద ఆంధ్రప్రదేశ్ బోర్డు, అదే పిల్ల 2015 ఇంటర్ మెమో మీద తెలంగాణ బోర్డు. రాష్ట్రం వచ్చిన సంగతి తెలియనివాళ్లకు ఆ పిల్ల రెండు రాష్ట్రాల్లో చదివినట్టు కనబడుతుంది. ఇవన్నీ వీళ్లకు ఎలా తెలుస్తాయని అడిగాను. అడ్మిషన్ల ఆఫీసర్లకు, రిజిస్ట్రార్లకు 1910లో పెట్టుకున్న ఒక దేశవ్యాప్త సంఘం ఉందట. దాని పేరు ఆక్రావ్. వాళ్లు ఎడ్జ్ పేరుతో ఒక సమాచార కోశం నడుపుతారు. అందులో దేశదేశాల చదువుల మెట్లు రాసి ఉంటాయి. మన దేశం పేజీలో పదో తరగతి, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల బీటెక్ అన్నీ ఉంటాయి. మన దగ్గర 60 శాతం అంటే ఫస్ట్ క్లాసని ఈ ఆఫీసులో కూర్చున్న తెల్లవాళ్లకు తెలుసు! ఇక్కడి పిల్లవాడికి 60 వస్తే పేలవమే. మన పిల్లవాడి 60ని మాత్రం ఆ కళ్లతో చూడరు. తరగతి, ర్యాంకు, ఆ విశ్వవిద్యాలయం మార్కులు ఎంత బిగువుగా వేస్తుందన్నది కూడా లెక్కలోకి వస్తాయి.

మూడేళ్ల డిగ్రీ మాత్రం చాలా చోట్ల ఇప్పటికీ అడ్డంకే. ఇక్కడ బ్యాచిలర్ అంటే నాలుగేళ్లు. కొన్ని విశ్వవిద్యాలయాలు మన మూడేళ్లను ఒప్పుకుంటాయి, కొన్ని న్యాక్ 'ఏ' గ్రేడు ఉన్న సంస్థ నుంచి మంచి తరగతిలో పాసైతేనే ఒప్పుకుంటాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. బీఎస్సీ, బీకాం పిల్లలు ఫీజు కట్టే ముందే ఈ సంగతి కనుక్కోవాలి.

పట్టా సమానత్వం గురించి వింటుంటే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకు వచ్చారు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన ఆయనకు ఖద్దరు కట్టారన్న కోపంతో ఎంబీబీఎస్ ఇవ్వకుండా ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. 1920ల మొదట్లో బోస్టన్‌లో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌కు వచ్చినప్పుడు ఆ తక్కువ పట్టా వల్లే ఆయనకు డాక్టరు పని దొరకలేదు. రాత్రిపూట ఆసుపత్రిలో నౌకరీ చేస్తూ చదువుకున్నారు. లోకానికి ఎన్ని మందులు ఇచ్చిన మనిషి! ఒక ఆఫీసులో ఒక కాగితాన్ని దేనికి సమానమని రాస్తారన్న దానిమీద మనిషి జీవితం ఎంత మలుపు తిరుగుతుందో తెలియడానికి ఇంతకన్నా ఏం కావాలి. అందుకే ఈ గుమస్తా పనిని నేను చిన్న పని అనుకోను. సర్వీసులో ఉన్నప్పుడూ అనుకోలేదు.

పేర్ల దగ్గర మన పిల్లలు పడే అవస్థ వేరే చెప్పాలి. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. డిగ్రీ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలో, సొంత పేరు వేరే గడిలో ఉంటాయి. జీఆర్ఈ పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు పిల్లవాడు తిరగేసి రాస్తాడు. స్కోరేమో పేరు, పుట్టిన తేదీ చూసి తనంతట తానే దరఖాస్తుకు అతుక్కోవాలి. పేరు కలవకపోతే అతుక్కోదు, ఎక్కడో అనాథలా పడి ఉంటుంది. అప్పుడు మేనకోడలి లాంటివాళ్లు ఒక్కొక్కటి వెతికి చేత్తో కలపాలి. మన పేర్లు తెలిసినది కాబట్టి ఆమె చకచకా కలిపేస్తుంది. పక్క డిపార్ట్‌మెంట్లవాళ్లు కూడా "ఇది ఒకరేనా, ఇద్దరా?" అని ఆమెనే అడుగుతారట. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకా చిక్కు. ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు కింద వేసి, సొంత పేరు చోట "ఎఫ్ఎన్‌యూ" అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. చక్కగా తాత పేరు పెట్టుకున్న పిల్లవాడు ఈ దేశంలో వీసా మీద ఎఫ్ఎన్‌యూ అయి తిరగాల్సి వస్తుంది. పాస్‌పోర్టు తీసుకునే రోజునే రెండు గడులూ సరిగ్గా నింపమని మన మీసేవ దగ్గర, నెట్ సెంటర్ల దగ్గర చెప్పేవాళ్లు ఉంటే ఎంత మేలో.

ఉత్తరాల సంగతి. మన పిల్లలు ఎల్ఓఆర్ అంటారు. విద్యార్థి ఫారంలో ముగ్గురు సార్ల పేర్లు, మెయిల్ అడ్రసులు రాస్తాడు. అప్పుడు ఆఫీసు నుంచి సారుకు నేరుగా ఒక లింకు వెళ్తుంది. సారు ఉత్తరం అందులో ఎక్కించాలి, పిల్లవాడి చేతికి ఇవ్వకూడదు. ఇక్కడా అదే దారి పట్టింపు. ఉత్తరంతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా ఉంటాయి. మీరు చదువు చెప్పినవాళ్లలో ఈ విద్యార్థి మొదటి పదిమందిలో ఒకడా, ఎన్నేళ్లుగా ఎరుగుదురు, అని. 1974లో ఫెర్పా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం చేరిన విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు ఉంది. అందుకని దరఖాస్తులో ఒక గడి పెడతారు. "నా గురించి సార్లు ఏం రాశారో చూసే హక్కును వదులుకుంటున్నాను" అని టిక్కు పెట్టవచ్చు. పెట్టకపోయినా తప్పు లేదు. పెడితే సారు మనసు విప్పి రాస్తారని చదివేవాళ్లకు నమ్మకం.

ఈ ఉత్తరాల్లోనే మనవాళ్లు నష్టపోతున్నారు. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ముగ్గురు పిల్లలకు ముగ్గురు సార్లు రాసిన ఉత్తరాలు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంటాయి. పిల్లలు రాసుకుని తెస్తే సార్లు పంపుతారు, లేదా కన్సల్టెన్సీ రాసిస్తుంది. చదివే ప్రొఫెసరుకు రెండో ఉత్తరంలోనే తెలిసిపోతుంది. తెలివైన పిల్లకు, అంతంతమాత్రం పిల్లకు ఒకే పొగడ్త ఉంటే ఆ తెలివైన పిల్లకే అన్యాయం.

ఎస్ఓపీది కూడా అదే కథ, అయితే అది మన ఒక్కరి రోగం కాదు. బ్రిటన్‌లో డిగ్రీ చదువులకు దేశమంతటికీ యూకాస్ అనే ఒకే సంస్థ దరఖాస్తులు తీసుకుంటుంది. 2007లో వాళ్లు 50 వేల మంది రాసిన సొంత వ్యాసాలను కంప్యూటరుతో ఒకదానితో ఒకటి పోల్చి చూశారు. ఎనిమిదో పుట్టినరోజున కెమిస్ట్రీ సెట్టుతో ఆడుతూ పైజామాకు చిల్లులు పెట్టుకున్నానని 234 మంది రాశారు! ఒకే పైజామా, 234 మంది పిల్లలు. ఇంటర్నెట్‌లో ఉన్న ఒక నమూనా వ్యాసం నుంచి అందరూ ఎత్తి రాశారన్నమాట. మా మేనకోడలు అంది కదా, "మామా, చిన్నప్పుడు మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజు నా జీవితం మారిపోయింది అని ఎన్ని చదివానో. ఒకమ్మాయి మాత్రం వాళ్ల నాన్న మగ్గం మీద అంచు డిజైను కోసం కార్డులు గుద్దడం చూసి ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలిసిందని రాసింది. ఆ ఫైలు కమిటీలో అందరూ చదివారు" అని. ఆ అమ్మాయి ఊరు అడిగితే చెప్పలేదు. మనూళ్లో, అమరచింతలో, గద్వాలలో మగ్గాలున్న ఇళ్ల పిల్లలకు ఇలాంటి సొంత మాటలు ఎన్ని ఉన్నాయి!

మరి చివరికి ఎవరు తేలుస్తారు? ఈ ఆఫీసు తేల్చదు. ఇది నాకు కొత్త. గ్రాడ్యుయేట్ స్కూల్ కింది హద్దు మాత్రం గీస్తుంది, ఇంత చదువు ఉండాలి, ఇంత ఇంగ్లిష్ ఉండాలి అని. ఆ హద్దు దాటినవాళ్లను డిపార్ట్‌మెంటులోని ప్రొఫెసర్ల కమిటీ చదువుతుంది. ఒక్కో ఫైలును ఒకరికి మించి చదువుతారు, ఎవరి అభిప్రాయం వాళ్లు రాస్తారు, తర్వాత కూర్చుని మాట్లాడుకుంటారు. పీహెచ్‌డీ అయితే ఏ ప్రొఫెసరు దగ్గర చోటుంది, ఎవరి ప్రాజెక్టులో డబ్బుంది అనేది కూడా చూస్తారు. కమిటీ సిఫారసు చేస్తుంది, గ్రాడ్యుయేట్ స్కూల్ ఆమోదిస్తుంది.

మన ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్, దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. ర్యాంకు, రిజర్వేషను, వెబ్ ఆప్షన్ల వరస ఈ మూడూ చూసి కంప్యూటరు సీటు ఇస్తుంది. 2016 నుంచి దోస్త్ వచ్చాక డిగ్రీ సీట్లు కూడా అలాగే. 200 రూపాయలు కట్టి ఒక్క దరఖాస్తు వేస్తే ఉస్మానియా, కాకతీయ, పాలమూరు అన్నిటి కిందున్న కాలేజీలకూ సరిపోతుంది. దోస్త్‌కు ముందు ఒక్కో కాలేజీకి ఒక్కో ఫారం, ఒక్కో బస్సు చార్జీ పెట్టుకున్న రోజులు మీకు గుర్తే. ఏది మంచిదని మీరు అడుగుతారు. నా మటుకు నాకు, లక్షల మందికి కొద్ది రోజుల్లో సీట్లు పంచాల్సిన చోట, ఎమ్మెల్యే చీటీ పనిచేయని పద్ధతి మనదే మేలు. దానికోసం మనం చాలా కష్టపడ్డాం, దాన్ని వదులుకోకూడదు. కానీ పరిశోధనకు పిల్లలను ఎంచుకునే చోట ఇక్కడిలా మనిషి కూర్చుని చదవడం ఉండాలి. మూడు గంటల పరీక్షలో తడబడ్డ పిల్ల నాలుగేళ్లుగా ల్యాబులో ఏం చేసిందో ఎవరో ఒకరు అడగాలి కదా.

ఇక్కడ కూడా సంఖ్యలు భయపెట్టేవే. కాలిఫోర్నియాలో యూసీఎల్ఏ అనే ఒక్క విశ్వవిద్యాలయానికి 2024లో మొదటి ఏడాది డిగ్రీ సీట్ల కోసం 1,46,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిని మనుషులే చదివారు. డిగ్రీ పిల్లల కోసం 1975లో 15 కాలేజీలు కలిసి కామన్ అప్లికేషన్ అని మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో వెయ్యికి పైగా ఉన్నాయి. దోస్త్‌కు పెద్దన్న అనుకోండి. కాకపోతే ఫారమే ఒకటి, నిర్ణయం ఏ కాలేజీది ఆ కాలేజీదే.

సీటు వచ్చాక కాగితం ఇంకో భవనానికి వెళ్తుంది. సరస్సు ఒడ్డున ఎర్ర ఇటుకల కట్టడం, రెడ్ జిమ్ అంటారు, 1894 నాటిది. బురుజులు, పైన పిట్టగోడ గళ్లు, అచ్చం కోటే. విదేశీ విద్యార్థుల సేవల విభాగం అందులో ఉంది. విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం తయారయ్యేది అక్కడే. మన ఇళ్లలో భూమి కాగితాలు, బ్యాంకు లోను మంజూరు పత్రం, నాన్న బ్యాంకు బ్యాలెన్సు, మేనమామ అఫిడవిట్ అన్నీ పోగేసి పంపేది ఈ దశలోనే. ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపితేనే ఐ-20 ఇస్తారు. ఆ వివరాలు సెవిస్ అనే కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరులోకి ఎక్కుతాయి, 'ఎన్' అక్షరంతో మొదలయ్యే ఒక నంబరు పుడుతుంది, దాని మీద 350 డాలర్ల రుసుము కట్టి మనవాళ్లు నానక్‌రామ్‌గూడ కాన్సులేటుకు వెళ్తారు.

ఈ సెవిస్ ఎందుకు వచ్చిందో వింటే, ఆఫీసు పని ఆలస్యమైతే ఏమవుతుందో తెలుస్తుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో విమానాలు నడిపి చచ్చిన ఇద్దరికి విద్యార్థి వీసా మంజూరైందన్న కాగితాలు, దాడి జరిగిన ఆరు నెలల తర్వాత, 2002 మార్చిలో ఫ్లోరిడాలోని ఒక విమాన శిక్షణ బడికి పోస్టులో చేరాయి. దేశం మండిపడింది. 2003 నుంచి అంతా సెవిస్‌లోకి మారింది.

అయినా మోసం ఆగలేదు, ఆ మోసంలో పడ్డది మన పిల్లలే. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ ఊళ్లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. దరఖాస్తులు చదివేవాళ్లూ లేరు, కమిటీలూ లేవు, డబ్బు కడితే ఐ-20. 2011 జనవరిలో అధికారులు దాన్ని మూయించారు. అందులో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన ఫొటోలు మన పేపర్లలో వచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటు రాసి ఉందని ప్రభుత్వం కోర్టులో చెప్పింది. అడ్మిషన్ తేలిగ్గా వచ్చిందంటే సంతోషించకండి. ఎవరూ మీ కాగితాలు చదవలేదంటే ఆ చోటు చదువు చెప్పేది కాదు.

2023-24లో ఈ దేశంలో మన దేశం పిల్లలు 3,31,602 మంది ఉన్నారు. 2009 తర్వాత మొదటిసారి చైనాను దాటాం. అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో మ్యాడిసన్ వీధుల్లో నడిస్తేనే తెలుస్తోంది. నిన్న బస్సులో వెనక సీటు నుంచి "అరేయ్, డిసిషన్ వచ్చిందా?" అని వినబడింది. ఫండింగుతో పిలుపు వచ్చిన పిల్లలకు మాత్రం ఒక్క మాట చెప్పండి. ఒప్పుకున్నామని చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు ఇవ్వాలని ఇక్కడి విశ్వవిద్యాలయాలు చాలా వరకు ఒప్పందం చేసుకున్నాయి. మార్చిలోనే తొందరపెడితే భయపడి ఒప్పుకోవాల్సిన పని లేదు.

చివరగా మన వనపర్తి, కొత్తకోట, మహబూబ్‌నగర్ కాలేజీల సార్లకు, మేడములకు నా విన్నపం. మీ విద్యార్థి పేరు మీద లింకు వచ్చినప్పుడు దయచేసి వారంలోపు తెరవండి. కాలేజీ మెయిల్ ఉంటే అదే వాడండి. ఉత్తరం మీరే రాయండి, పది వాక్యాలైనా చాలు, ఆ పిల్ల గురించి మీకు మాత్రమే తెలిసిన ఒక సంగతి అందులో ఉండాలి. పిల్లలకు డిసెంబర్ గడువులుంటే ట్రాన్స్‌క్రిప్టుల పని సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టించండి. పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో ఒకసారి మీ కళ్లతో చూడండి. ఈ జాబును కాలేజీ నోటీసు బోర్డు మీద పెడితే సంతోషిస్తాను. ఎవరికైనా సందేహముంటే మా ఇంట్లో చెప్పండి, మేనకోడలిని అడిగి జవాబు రాస్తాను.